ఇరువదియైదవ వంతు

అమెరికా దేశమున 1950, 1960 దశకములలో రాజమార్గముల మీద తిరుగాడిన మోటారుకార్లను ఇరువదియైదవ వంతు పరిమాణమునకు కుదించి, విడివిడి ప్లాస్టిక్ భాగములుగా పోతపోసి, అట్టపెట్టెలలో అమ్ముదురు. ఆ కిట్లను కొనితెచ్చి, భాగములను వాని చట్రము నుండి కత్తిరించి, అరగదీసి, అతికించి, రంగులు వేసి, మూలవాహనమును తలపించు ప్రతిరూపమును నిర్మించుట అనేకులకు జీవితకాలపు అభ్యాసమైనది. దీనిని బాల్యక్రీడ యని తేలికగా చూచువారు ఒక ప్రక్కను, పెట్టెను విప్పక దాచి యేండ్లు గడచిన పిమ్మట అధికమూల్యమునకు అమ్ముకొనవలెనని చూచువారు మరియొక ప్రక్కను ఉన్నారు. ఈ ఇరుపక్షములును ఆ వస్తువునకు అన్యాయమే చేయుచున్నవని నా దృఢవిశ్వాసము. కిట్ చదువదగిన వస్తువు; దానిని చదువుట యనగా నిర్మించుటయే; ఆ నిర్మాణమును గూడ, ఆ కారు తన కాలమున వీధిలో ఎట్లుండెనో అట్లే నిలుపునట్లు చేయుట నిర్మాత ధర్మము.

ఈ చిన్నకార్లు మొదట బొమ్మల అంగళ్ల కొరకు పుట్టినవి కావు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి, క్రొత్తకారు కొరకు అమెరికా జనులు వేయికన్నులతో ఎదురుచూచు దినములలో, డెట్రాయిట్ ప్రాంతమున కొన్ని చిన్న సంస్థలు కార్ల కంపెనీల అనుమతితో, వారి డ్రాయింగుల ఆధారమున, ఆ యేటి మోడళ్లకు ప్రతిరూపములు చేసి డీలర్లకు సరఫరా చేయనారంభించినవి. కొనుగోలుదారునకు రంగులు చూపుటకును, వెంటవచ్చిన పిల్లవాని చేతిలో పెట్టి పంపుటకును డీలర్లు వానిని వినియోగించిరి. 1948లో వెస్ట్ గాలోగ్లీ స్థాపించిన ఏఎంటీ ఇట్టి సంస్థలలో ప్రముఖమైనది. అల్యూమినియం మోడల్ టాయ్స్ అను పేరుతో ఆరంభమై శీఘ్రముగా ప్లాస్టిక్ లోనికి మారినను ఆ మూడక్షరములు మాత్రము నిలిచిపోయినవి. జాన్ హేన్లీ స్థాపించిన జో-హాన్ సంస్థ క్యాడిలాక్, క్రైస్లర్ మొదలగు కార్ల ప్రతిరూపములకు పేరుగాంచినది. 1958లో ఏఎంటీవారు, అంతవరకు కట్టి యిచ్చుచున్న ఆ చిన్నకార్లనే విడిభాగములుగా పెట్టెలో పేర్చి, కారు కార్ఖానా నుండి వచ్చినట్లుగాని, సొంతదారు తన యిచ్చవచ్చినట్లు మార్చుకొన్నట్లుగాని, పందెమునకు సిద్ధపరచినట్లుగాని కట్టుకొనుటకు వీలుగా త్రీ-ఇన్-వన్ కిట్ అను పేర విక్రయించిరి. ఆ పెట్టెలు అమెరికా బాలుర చేతులలోనికి వెల్లువగా పోయినవి. 1963లో ఏఎంటీ నుండి వెలుపలికి వచ్చిన జార్జ్ టోటెఫ్ ఎంపీసీ అను సంస్థను స్థాపించెను. చికాగోలో మోనోగ్రామ్, కాలిఫోర్నియాలో రెవెల్ అప్పటికే రంగమున నున్నవి. మనకు ముఖ్యమైన సంగతి యేమనగా, ఈ కిట్ల కొలతలు ఎవరో చూచి ఊహించి వ్రాసుకొన్నవి కావు. అనేకము కారును గీసినవారి బల్లమీద నుండియే వచ్చినవి. ఒక కాలపు పారిశ్రామిక శిల్పమును గూర్చి ఇంతటి విశ్వసనీయమైన సాక్ష్యము సామాన్యుని చేతికి ఇంత చౌకగా లభించుట అరుదు.

ఏఎంటీ పాతపెట్టెల మీద అచ్చువేసిన ఊరిపేరు మిచిగన్ రాష్ట్రపు ట్రాయ్. నేడు ఆ ట్రాయ్ లోను, దానికి ఎంతో దూరము గాని నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ లోను కార్ల పరిశ్రమలో ఉద్యోగించు తెలుగు కుటుంబములెన్నో స్థిరపడియున్నవి. తమ పిల్లలు నడచు వీధులకు ఇట్టి చరిత్ర యొకటి యున్నదని వారిలో ఎందరు ఎరుగుదురో గాని, ఎరుగదగినది. మన దేశమునకును ఈ కార్లు పరాయివి కావు: జనరల్ మోటార్స్ వారు 1928లో బొంబాయిలో కార్ఖానా తెరచి 1954లో మూసివేయువరకు షెవ్రొలేలను ఇచ్చటనే కూర్చిరి, పాత తెలుగు చలనచిత్రములు చూచినవారికి ఇంపాలా యను పేరు విన్నంతనే ధనికుని మేడయు, దాని ముంగిట నిలిచిన పొడుగాటి కారును కన్నులకు కట్టును.

ఇరువదియైదవ వంతు అనుటలో ఒక గణితము కలదు. నిర్మాత దానిని నిత్యము మనస్సునందుంచుకొనవలెను. 1957 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్ పొడవు 200 అంగుళములు. దాని ప్రతిరూపము సరిగా 8 అంగుళములు. 1959 నాటి క్యాడిలాక్ డివిల్ 225 అంగుళములు. అది బల్లమీద 9 అంగుళములగును. మోనోగ్రామ్ వారు ఇరువదినాలుగవ వంతును, అనగా అడుగునకు అరయంగుళము లెక్కను పాటించినందున, వారి కారు ఏఎంటీవారి కారు ప్రక్కన నిలిపినచో ఒకింత బొద్దుగా కనుపించును. ఈ లెక్క ప్రకారము, ప్రతిరూపము మీద ఒక్క మిల్లీమీటరు దోషము అసలు కారు మీద ఇంచుమించు ఒక అంగుళమునకు సమానము. తలుపు అంగుళము మేర క్రిందికి వాలిన కారును ఏ కార్ఖానా యైనను గేటు దాటనిచ్చునా? రంగుపూత మిల్లీమీటరులో పదవవంతు దళసరియైనను, అసలు కారునకు రెండున్నర మిల్లీమీటర్ల మందమున రంగు పులిమినట్లే. నిర్మాత చేతికి నిగ్రహము నేర్పునది ఈ లెక్కయే.

ఆ బెల్ ఎయిర్ నే తీసికొందము. కిట్ లో బాడీ అంతయు ఒకే ముక్కగా వచ్చును. దానిని పోయు ఉక్కుఅచ్చు నాలుగు వైపులకు జరుగు భాగములతో కూడినది గనుక, ఆ భాగములు కలిసిన తావున, సామాన్యముగా ఫెండర్ల శిరస్సుల మీదుగా, వెంట్రుకవాసి గీత యొకటి మిగిలిపోవును. అసలు కారునకు అట్టి గీత లేదు. క్రొత్తగా చేపట్టినవారికి అది కంటబడదు. రంగు వేసి ఆరిన పిమ్మట మాత్రము, మెరపు వాలిన ప్రతి కోణమునుండియు అది తన్ను తాను చాటుకొనును. కావున తొలిపని ఆ గీతను సన్నని ఎమరీ కాగితముతో నీరు తడిపి అరగదీయుట. పోత చల్లారునప్పుడు దళసరిచోట్ల ఏర్పడిన చిన్నగుంటలను లప్పముతో పూడ్చి, ఆరిన తర్వాత చదునుచేసి, ప్రైమర్ చల్లవలెను. బూడిదరంగు ప్రైమర్ ఒక న్యాయాధిపతి, అంతవరకు దాగిన ప్రతి లోపమును వెలికితీయును. తలుపుల చుట్టును, బానెట్ చుట్టును గల సందులు పోతలో అంతంతమాత్రము లోతుగా వచ్చును గనుక, రంగు వాటిని పూడ్చివేయక పూర్వమే కత్తి వెనుకవైపు అంచుతో మెల్లమెల్లగా లోతుచేయవలెను.

అన్నిటికంటె జాగరూకత వహింపదగినది తోకరెక్క దగ్గర. 1948 నాటి క్యాడిలాక్ మీద మొట్టమొదట మొలచిన ఆ రెక్క, లాక్‌హీడ్ పీ-38 యుద్ధవిమానమును చూచి జనరల్ మోటార్స్ డిజైన్ అధిపతి హార్లీ ఎర్ల్ బృందమునకు స్ఫురించినది. ఏటేట పెరిగి, 1959 క్యాడిలాక్ నాటికి అది పరాకాష్ఠ నందినది. 1957 షెవ్రొలే రెక్క ఆ రెంటికి నడుమది: పొగరు కలదు, మితిమీరలేదు. దాని అంచు మీద ఎమరీ కాగితమును ఒక్కసారి అధికముగా నడపినచో పదును పోవును. పదును పోయిన పిమ్మట ఆ కారు 1957 నాటిదని చెప్పుటకు బాడీ మీద మిగులునది స్వల్పము. అసలు కారునందు లేని గీతను తీసివేయుటయు, అందున్న అంచును కాపాడుటయు ఒకే చేతితో ఒకే పూట జరుగవలసిన పనులు. ఏది యంత్రము వదలిన మచ్చ, ఏది శిల్పి ఉద్దేశించిన రేఖ యని గుర్తింపగలుగుటయే ఈ విద్యలోని తొలి వివేకము, బహుశః తుది వివేకము కూడ.

ఇక మెరపు సంగతి. బంపర్లు, గ్రిల్లు, చక్రపు మూతలు కిట్ లోనే తళతళలాడుచు వచ్చును. శూన్యపాత్రలో అల్యూమినియమును ఆవిరిగావించి, ఆ ఆవిరిని ప్లాస్టిక్ మీద పొరగా పట్టించి వానిని తయారుచేయుదురు. బాడీ ప్రక్కలను పరుగిడు పట్టీలు, కిటికీల అంచులు, అద్దపు చట్రములు మాత్రము రంగులోనే మిగిలిపోవును; వాటిని మెరిపించు భారము నిర్మాతది. వెండిరంగు కుంచెతో పూయువారు కలరు గాని, అది లోహపు భ్రాంతిని కలిగింపలేదు. సాలెగూడు వలె పలుచనైన, వెనుక జిగురు గల లోహపురేకును ఫార్మింగ్టన్ లోని బేర్-మెటల్ ఫాయిల్ అను సంస్థ ఈ పని కొరకే చేసినది. ఆ రేకును పట్టీ కంటె వెడల్పుగా పరచి, దూదిచుట్టిన పుల్లతో అది ప్రతి మడతలోనికిని దిగునట్లు రుద్ది, క్రొత్త బ్లేడుతో అంచువెంట కోసి, మిగులును ఒలిచివేయుదురు. చేయి వణకినచో రేకుతో పాటు రంగును తెగును. బాడీ మీది షెవ్రొలే అను పొంగుడు అక్షరములకు మరియొక ఉపాయమున్నది: రంగు వేయుటకు ముందే అక్షరముల మీద రేకును అంటించి, దాని మీదుగా రంగు చల్లి, ఆరిన తర్వాత అక్షరముల శిరస్సుల మీది రంగును మాత్రము సున్నితముగా తుడిచినచో, లోహము కుంచెకు సాధ్యముగాని స్పష్టతతో బయల్పడును. ఇంత శ్రమ ఎందుకని అడుగువారికి ఆ కారునే సమాధానముగా చూపవలెను. 1957 బెల్ ఎయిర్ గ్రిల్లు వెండిరంగుది కాదు, బంగారుఛాయది. ముందు ఫెండర్ల మీది మూడు చిన్న గుర్తులును అట్టివే. వెనుక ప్రక్కభాగమున రెండు పట్టీల నడుమ నిలువుగీతల అల్యూమినియపు పలక. ఎడమ తోకరెక్క వెనుకనున్న మెరుపుపట్టీ తలుపువలె తెరచుకొనును; పెట్రోలు పోయు మూత దానిలో దాగియున్నది. ఇవి యెరిగి రేకు పరచువానికి, ఆ కారును గీసినవారు దేనిని చూపదలచిరి, దేనిని మరుగుపరుపదలచిరి అనునది క్రమముగా బోధపడును.

బానెట్ క్రింద మరియొక లోకమున్నది. కిట్ లోని ఇంజను రెండు అర్ధములను అతికిన దిమ్మె, దాని మీద కార్బురేటరు, ప్రక్కన డిస్ట్రిబ్యూటరు, జనరేటరు ఉండును గాని, తీగలు ఉండవు. 283 ఘనాంగుళముల ఆ వీ-8 యింజనునకు డిస్ట్రిబ్యూటరు నుండి స్పార్క్ ప్లగ్గులకు ఎనిమిది తీగలు, కాయిలునకు ఒకటి, వెరసి తొమ్మిది. అసలు తీగ మందము సుమారు 7 మిల్లీమీటర్లు గనుక, ఇరువదియైదవ వంతున అది మిల్లీమీటరులో మూడవవంతు కంటె సన్నము. డిస్ట్రిబ్యూటరు ముక్కకు సూదిమొన వంటి బరమాతో తొమ్మిది రంధ్రములు తొలిచి తీగలను నాటవలెను. ఏ రంధ్రమునుండి ఏ ప్లగ్గునకు? ఎటువేసినను చూచువారికి తెలియదని కొందరందురు. డ్రైవరు వైపున 1, 3, 5, 7 సిలిండర్లు, రెండవ వైపున 2, 4, 6, 8. నిప్పు రగులు క్రమము 1-8-4-3-6-5-7-2. ఆ క్రమమున తీగలు కట్టినచో, ఆ యింజను ఏల వణకక నడచెనో, ఎనిమిది ప్రేలుడులు ఇరుపక్కలకు ఎట్లు పంచబడెనో చేతివ్రేళ్లకు తెలియును. మోటారు మెకానిక్కు ఎరిగిన విషయమును, స్పానరు పట్టి యెరుగని గుమాస్తా తన భోజనపు బల్లమీద గ్రహించుచున్నాడు. ఇట్టిదానిని ఆట యనుటకు నాకు నోరు రాదు.

ఇంతవరకు కిట్ నిర్మాతల పక్షమున వాదించితిని. ఇప్పుడు వారితోనే నాకు గల పేచీని చెప్పవలెను. నేడు ప్రదర్శనలలో నిలుపు కార్లు అత్యధికము అద్దములవలె మెరయుచున్నవి. రంగు మీద పారదర్శకపు పూత, దాని మీద మరియొకటి, పిదప 12000 నంబరు వరకు గల అతిసూక్ష్మమైన రాపిడి వస్త్రములతో మెరుగు. తుదకు ఆ కారు తడిసిన గాజుగోళమై కూర్చుండును. నైపుణ్యము నిర్వివాదము. ఐనను 1957లో మిచిగన్ కార్ఖానా నుండి వెలువడిన ఏ కారును అట్లు మెరయలేదు. ఆనాటి రంగులో నారింజతొక్క మీది గరుకు వంటిది సన్నగా ఉండెడిది. ఛాసిస్ నల్లరంగు అక్కడక్కడ చెదరిపడెడిది. అడుగుభాగమును ఎవరును మెరుగుపెట్టలేదు. లోహపుపొడి కలిసిన రంగు వాడినచో దోషము మరింత పెరుగును: అసలు రంగులోని రజను అణుమాత్రముగా కనుపించునది, అదే రజను చిన్నకారు మీద ఇరువదియైదింతలై ఇసుకరేణువుల వలె తోచును. అందుచేత రంగును ఒకింత లేతపరచి, రజను మిక్కిలి సన్ననిది ఎంచి, మెరుగును తగినచోట ఆపుటలోనే పరిణతి యున్నదని నా అభిప్రాయము. ట్రాపికల్ టర్కాయిస్ రంగు బాడీ మీద ఇండియా ఐవరీ రంగు పైకప్పు, సాధారణపు మెరపుతో, చక్రముల నల్లని రబ్బరు మసకగా, అడుగున కొంచెము ధూళి: ఇట్లున్న కారు ఒహాయోలోని ఏ యింటి ముంగిటనో ఆదివారము ఉదయమున నిలిచియుండినదని నమ్మబుద్ధియగును.

ఈ విద్యను అమెరికా పరిశ్రమయే ఒకప్పుడు గౌరవించినది. జనరల్ మోటార్స్ లోని ఫిషర్ బాడీ విభాగమువారు 1930లో క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అను పోటీని నెలకొల్పి, 1968 వరకు దేశవ్యాప్తముగా నడిపిరి. మొదట నెపోలియన్ కాలపు రాజరథము నమూనాను బాలురచేత చేయించిరి; 1937 మొదలు తామే ఊహించిన కార్ల నమూనాలను గూడ పంపుడనిరి. గెలిచినవారికి కళాశాల చదువునకు విద్యార్థివేతనములు. 1947లో ఆ పోటీలో గెలిచిన చార్లెస్ జోర్డాన్ అను యువకుడు, తర్వాత ఆ సంస్థలోనే చేరి, 1986లో దాని డిజైన్ విభాగమునకు ఉపాధ్యక్షుడాయెను. బాలికలకు అందు ప్రవేశము లేకపోవుట ఆ పోటీకి మాయని మచ్చయే. మచ్చను గుర్తించిన మీదటను, చేతితో నమూనా చేయగల బాలుడు రేపటి శిల్పి కాగలడని గ్రహించిన ఆ దూరదృష్టిని మెచ్చుకొనకుండ ఉండలేము.

ఈ ప్లాస్టిక్ పెట్టెలు కాలమునకు సాక్ష్యములంటిని. దానికి క్రైస్లర్ టర్బైన్ కారు చరిత్ర కంటె బలమైన నిదర్శనము నాకు తెలియదు. పిస్టన్లు లేని, విమానపు టర్బైన్ సూత్రము మీద నడచు ఇంజనుతో క్రైస్లర్ సంస్థ 1963, 1964 ప్రాంతమున 55 కార్లను నిర్మించినది. వాని బాడీలను ఇటలీలోని ట్యూరిన్ నగరమున ఘియా శిల్పశాలవారు చేతిపనిగా చేసిరి. ప్రజలకిచ్చిన 50 కార్లును ఒకే కంచువర్ణము. 203 మంది సామాన్యులు ఒకరి తర్వాత ఒకరు, ఇంచుమించు మూడేసి నెలల వంతున, ఆ కార్లను నడిపి తమ అనుభవములను సంస్థకు నివేదించిరి. డీజిలు, కిరసనాయిలు, ఇంకను ఎన్నో ద్రవములు ఆ ఇంజనునకు ఇంధనములుగా చెల్లినవి. పరీక్ష ముగిసిన పిమ్మట సంస్థవారు 46 కార్లను ధ్వంసము చేయించి తొమ్మిదింటిని మాత్రము మిగిల్చిరి. ఆ కారును కన్నులార చూచుట నేడు అమెరికాలోని వారికే దుర్లభము. ఐనను జో-హాన్ వారు ఆనాడే దానికి ఇరువదియైదవ వంతు కిట్ ను, టర్బైన్ ఇంజనుతో సహా, తీర్చిదిద్ది విడుదల చేసిరి. ఆ కిట్ ను కట్టినవాడు, నశించిన 46 కార్ల అంతరంగమును ముక్కముక్కగా చేతపట్టి చూచినవాడగును: గాలి ఎచ్చట ప్రవేశించును, వేడిమిని తిరిగి పట్టుకొను చక్రములు ఎచ్చట నిలుచును, పొగ ఎట్లు వెలువడును అనునవి పుస్తకములోని పటము కంటె అతనికి స్ఫుటముగా తెలియును.

ఆ కిట్ నే పెట్టె విప్పక బీరువాలో పెట్టి, ఏటేట ధర యెంత పెరిగినదో లెక్కించుకొనువారి సంగతి ఇక చెప్పుదును. వారి వాదమున సారము లేకపోలేదు. పాతకిట్లలో అనేకము మరల పుట్టునవి కావు. ఏలయన, ఆ రోజులలో ఒక యేటి కారునకు చేసిన ఉక్కుఅచ్చునే మరుసటి యేడు క్రొత్త గ్రిల్లునకు, క్రొత్త రెక్కకు తగినట్లు చెక్కి మార్చెడివారు. 1961 కారు జనించుటతో 1960 కారు అచ్చు గతించెను. జో-హాన్ మూతపడిన తర్వాత దాని అచ్చులు చేతులు మారినవి. అట్టి స్థితిలో విప్పని పెట్టెయే తుదిప్రతి యని, దానిని కత్తిరించుట వ్రాతప్రతిని చింపుటతో సమానమని వారందురు.

కాని పెట్టె తానై భద్రస్థానము కాదని వారు గమనింపవలెను. పాతకిట్లలోని టైర్లు మెత్తని వినైల్ తో చేసినవి. ఆ వినైల్ ను మెత్తగానుంచు తైలద్రవ్యము ఏండ్ల తరబడి మెల్లగా స్రవించి, తనకు తగిలిన పాలిస్టైరీన్ ప్లాస్టిక్ ను కరిగించును. విప్పని పెట్టెలో టైరు బాడీ మీద ఆనియున్నచో, ఆ బాడీ మీద టైరు గుండ్రని గాయముగా అచ్చుపడియుండును. గాజుభాగము మీద ఆనియున్నచో అద్దము చెడిపోవును. ముద్రాంకనపు డెకాల్ కాగితములు పసుపుబారును. 1960 దశకారంభమున డీలర్ల కొరకు చేసిన కార్లకు పాలిస్టైరీన్ వాడుకలోనికి రాక పూర్వము, వానిలో ఉపయోగించిన అసిటేట్ ప్లాస్టిక్ ఐతే నడుము వంగి, ముందుభాగము వ్రాలి, ఎవరును తాకకయే వికృతమైనది. విప్పి, కడిగి, టైర్లను వేరుపరచి, రంగువేసి కట్టిన కారు ఈ ప్రమాదముల నుండి తప్పించుకొనును. స్వరపరుపక పుటలలోనే మిగిలిపోయిన కీర్తన ఎట్టిదో, కట్టక అట్టపెట్టెలో దాచిన కిట్ అట్టిది. దానిలో ఏమున్నదో ఊహింపవచ్చును గాని వినజాలము.

తుదిప్రతి యను భయమునకు గూడ నేడు సమాధానమున్నది. మాతృకను చెడగొట్టక దానినుండి రబ్బరు అచ్చు తీసి, రెజిన్ తో మరియొక బాడీని పోయు శిల్పులు పలువురు గలరు. పాత ఏఎంటీ, ఎంపీసీ పేర్ల క్రింద కిట్లను విడుదల చేయుచున్న రౌండ్ 2 సంస్థ, లభించిన పాతకిట్లనే ఆధారముగా గొని కొన్నిటికి క్రొత్త ఉక్కుఅచ్చులు చెక్కించినది. ఆ సంస్థ యున్న ఊరు ఇండియానా రాష్ట్రపు సౌత్ బెండ్. 1963 డిసెంబరులో స్టూడిబేకర్ సంస్థ తన కార్ఖానా తలుపులు మూసి వేలమంది కార్మికులను వీధిపాలు చేసిన ఊరును అదియే. స్టూడిబేకర్ పోయినను, ఆ తరపు కార్ల ప్రతిరూపములు ఆ పట్టణపు చిరునామాతోనే లోకమునకు అందుచున్నవి. విప్పని పెట్టెను పెట్టుబడిగా దాచువారు, దానిని ఒక్క దినమైనను ఇట్టి శిల్పికి ఎరవిచ్చినచో, పెట్టెలోని కారు వందమంది చేతులలో జన్మించును. పంచుకొనక దాచుటను నేను రక్షణ యని పిలువజాలను. ఒహాయోలోని టొలీడోలో ఏటేట జరుగు ఎన్ఎన్ఎల్ ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు ఉండరు, తరగతుల వారీ గెలుపోటములు ఉండవు. వచ్చినవారందరును తాము కట్టిన కార్లను బల్లలమీద పెట్టి, ఒకరిది ఒకరు చూచి, అడిగి తెలిసికొని వెళ్లుదురు. కిట్ల కొనుగోలు అమ్మకముల ధరలపట్టిక కంటె ఆ బల్లలే ఈ విద్యకు నిజమైన కొలమానము.

చివరకు కిట్లు చేయు సంస్థలకును ఒక విన్నపము. ఆనాటి నుండి నేటివరకు కిట్లలో రెండు తలుపుల కార్లకే, అందులోను నడిమి స్తంభము లేని హార్డ్‌టాపులకు, పైకప్పు మడుచు కన్వర్టిబుళ్లకే పెద్దపీట. కారణము స్పష్టమే: డీలరు కిటికీలో అందముగా కనుపించునవి అవి, కుర్రవాని కలలో వచ్చునవియు అవి. కాని వీధి లెక్క వేరు. 1957లో షెవ్రొలేవారు బెల్ ఎయిర్ కన్వర్టిబుళ్లను సుమారు 47 వేలు చేసిరి. బెల్ ఎయిర్ నాలుగు తలుపుల సెడాన్లను రెండున్నర లక్షలకు పైగా చేసిరి. పాఠశాలకు పిల్లలను దింపినది, శనివారము సరకులు మోసినది, ముసలితల్లిని వైద్యుని యొద్దకు తీసికొనిపోయినది ఆ సెడాను. ఒక దేశపు దైనందిన జీవితమునకు ప్రతిరూపము చేయదలచి, ఆ జీవితము దేనిలో కూర్చుండి ప్రయాణించెనో దానినే విడుచుట ఎంతటి వెలితి!

కిట్ల సంస్థలు క్రొత్త అచ్చు చెక్కించునంతవరకు నిర్మాత చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. రెజిన్ శిల్పులు అట్టి బాడీలను పోయుచున్నారు. అవి దొరకనిచో రెండు తలుపుల బాడీ మీదనే తలుపు గీతలను లప్పముతో పూడ్చి, సరియైన కొలతకు క్రొత్తగా చెక్కి, ప్లాస్టిక్ పలకతో నడిమి స్తంభమును నిలిపి, పైకప్పు వాలును సెడానునకు తగినట్లు ఎత్తవచ్చును. కష్టమైన పనియే గాని, ఇంతవరకు చెప్పిన పనులు చేసినవానికి అసాధ్యము గాదు. ఒంటిరంగే చాలును, గృహస్థు కారునకు మెరుగు మితముగానే యుండవలెను. బానెట్ క్రింద గూడ వీ-8 బదులు, అట్టి గృహస్థులనేకులు ఎంచుకొన్న 235 ఘనాంగుళముల ఆరు సిలిండర్ల ఇంజనును కూర్చి, 1-5-3-6-2-4 క్రమమున ఏడే తీగలు కట్టవలెను.